కర్నూల్లో మా మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్, గ్రహణం రోజు కూడా చూసి రాస్తున్నా

2019లో ఇక్కడి లోకల్ షాపు వాళ్లతోనే ఆన్‌గ్రిడ్, అంటే బ్యాటరీ లేకుండా నేరుగా బయటి కరెంటు లైన్‌కు కలిపేది, పెట్టించినాం. ఫిట్టింగ్ పని చాలా బాగా చేసినారు, గాలివానలకు స్టాండ్లు కదల్లేదు, ఎండ బాగున్న రోజు 12 యూనిట్ల దాకా వస్తాది. సర్వీసుకు మాత్రం ఒక స్టార్ తగ్గిస్తున్నా, ఫోన్ చేస్తే రేపు మాపు అంటారు, దుమ్ము మనమే కడుక్కోవాల.

అందరూ అడిగేది గ్రహణం రోజు కరెంటు ఉంటాదా అని. 2019 డిసెంబర్ 26న పొద్దున 8 దాటినాక పట్టింది, తొమ్మిదిన్నరకు మా దగ్గర సూర్యుడు దాదాపు ముప్పావు వంతు మూసుకుపోయినాడు, యాప్‌లో గ్రాఫ్ పైకెక్కాల్సిన టైంలో కిందికి దిగి మళ్లీ 11 దాటినాకే మామూలైంది. ఇంట్లో ఫ్యాన్ కూడా ఆగలా, తక్కువైనదంతా గ్రిడ్ నుంచి, అంటే బయటి కరెంటు లైన్ల నుంచి వచ్చేసింది.

నిజమైన పరీక్ష గ్రిడ్ నడిపేవాళ్లకే. మాదంటే 3 కిలోవాట్లు, మన గని–శకునాల సోలార్ పార్కు ఒక్కటే 1000 మెగావాట్లు, మబ్బు పడితే ఒక చోట తగ్గి ఇంకోచోట వస్తాది గానీ గ్రహణానికి రాష్ట్రం మొత్తం ఒకేసారి తగ్గుతాది, పొద్దున పట్టిన గ్రహణమైతే విడిచేటప్పుడు ఎండ ఎక్కువుంటాది కాబట్టి ఇంకా గబగబా పెరుగుతాది, అప్పుడు మిగతా కరెంటు ప్లాంట్లను అంతే స్పీడుగా తగ్గించాల. బొగ్గు ప్లాంట్లు అంత తొందరగా తగ్గవు, పెరగవు, శ్రీశైలం లాంటి జల విద్యుత్తు అయితే నిమిషాల్లో అందుకుంటాది. పైగా గ్రహణం టైం ఏళ్ల ముందే తెలుసు, మబ్బు అట్ల చెప్పి రాదు కదా. 2015 మార్చి 20న యూరప్‌లో, సోలార్ ఎక్కువున్న జర్మనీతో సహా, నెలల ముందే ప్లాన్ చేసుకుని కరెంటు పోకుండా దాటేసినారు. కాబట్టి గ్రహణం భయంతో సోలార్ వద్దనుకోవద్దండి, దయచేసి.

ఈ షాపులో నాకు బాగా నచ్చింది ఏందంటే, బయట కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ కూడా ఆగిపోతాదని, లైన్ మీద పని చేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అట్ల పెడతారని ముందే చెప్పినారు, చాలామంది అమ్మేటప్పుడు చెప్పరు. మీ వీధిలో కోతలు ఎక్కువుంటే బ్యాటరీ ఉండే హైబ్రిడ్ అడగండి, రేటు బాగా ఎక్కువైతాది. 4/5.