మందుకు పేటెంటా, తయారు చేసే తీరుకా?

1972లో అమల్లోకి వచ్చిన మన పేటెంట్ల చట్టం మందుల విషయంలో తెలివైన గీత ఒకటి గీసింది. మందుకు పేటెంటు లేదు, దాన్ని తయారు చేసే పద్ధతికే ఉంది. అదీ ఏడేళ్లకు మించదు. ఒకే ఊరికి వేరే దారిన వెళ్లేవాణ్ని ఎవరూ ఆపలేరన్నమాట. 2005 నుంచి, ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం, ఆ ఊరే, అంటే మందే, ఇరవయ్యేళ్లపాటు ఒకరి సొంతం. ఈ రెంటిలో ఏది మేలు?

పాత పద్ధతిని కాపీ చట్టమని తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. పేటెంటు ఉన్న దారిని తప్పించుకుని అదే అణువును చేరాలంటే ముడి పదార్థం మార్చాలి, రసాయన చర్యల వరుస మార్చాలి, అయినా దిగుబడి తగ్గకూడదు. ఇది జిరాక్సు తీసినంత సులువు కాదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ స్థాపించిన అంజిరెడ్డి ఈ విద్యలో ఆరితేరిన తరంవారే. ఏడాదికి పదివేల డాలర్లు దాటిన హెచ్‌ఐవీ చికిత్సను 2001లో సిప్లా 350 డాలర్లకే ఇస్తాననగలిగిందీ ఆ చట్టం పుణ్యమే.

లోటూ ఉంది. కొత్త అణువు కోసం ఏళ్లూ కోట్లూ ధారపోసినవాడికి స్వదేశంలోనే రక్షణ లేదు. 1997లో డాక్టర్ రెడ్డీస్ తన మధుమేహ అణువును డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకిచ్చింది. అలాంటి అణువుకు బేరం పలికేది విదేశీ పేటెంట్లను చూసే. (అది చివరికి బజారుకు రాలేదనుకోండి.)

మరి 2005 తర్వాత మన దగ్గర కొత్త మందులు వెల్లువెత్తాయా? జైడస్ వారి సారోగ్లిటజార్ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొనుగోలుదారులు పేదలైతే పేటెంటు ఆశ కూడా పనిచేయదు. క్షయకు పాత మందుల తర్వాత బెడాక్విలిన్ అనే కొత్త రకం మందు రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

అయినా, కనిపెట్టినవాడికి రక్షణ ఉండాలి కాబట్టి నా మొగ్గు కొత్త చట్టం వైపే, కానీ దాని కాపలా నిబంధనలతో కలిపి. పాత మందుకు కొత్త చొక్కా తొడిగి గడువు పెంచుకోవడాన్ని సెక్షన్ 3(డి) అడ్డుకుంటుంది. క్యాన్సర్ మందు గ్లివెక్ కొత్త స్ఫటిక రూపానికి పేటెంటు కుదరదని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. బెడాక్విలిన్ లవణ రూపం మీద గడువు పెంచే దరఖాస్తునూ 2023లో పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. ఈ సెక్షన్ తీసేస్తే మాత్రం నా ఓటు పాత చట్టానికే.

రెండో కాపలా నిర్బంధ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ఆ మందు తయారీకి ఇంకొకరికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలైన బేయర్ క్యాన్సర్ మందు నెక్సావర్‌ను 8,880 రూపాయలకు అమ్మడానికి 2012లో హైదరాబాద్ కంపెనీ నాట్కోకు అనుమతి దొరికింది. బేయర్ చేతికీ అమ్మకాలపై 6 శాతం రాయల్టీ వెళ్లేలా చూశారు, తర్వాత 7 చేశారు. హైదరాబాద్‌కే చెందిన లీ ఫార్మా మధుమేహ మందు శాక్సాగ్లిప్టిన్ కోసం అడిగితే 2016లో కాదన్నారు. అదే జబ్బుకు ఆ కోవలోనివే వేరే మందులు దొరుకుతున్నాయి కాబట్టి అది నాకు సబబుగానే తోస్తుంది.