బరంపురం నుంచి ఢిల్లీకి సరుకు: సొంత విమానాల కొరియరా, ప్రయాణికుల విమానమా, రైలా?

"విమానంలో వేశాం, రేపటికి చేరుతుంది" అన్న మాట బరంపురంలో సగమే నిజం. దగ్గరి పెద్ద విమానాశ్రయం భువనేశ్వర్, రోడ్డు మీద దాదాపు 170 కిలోమీటర్లు. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకు విశాఖే నయం. ఎక్కడికైనా ముందు లారీ ఎక్కాల్సిందే.

సొంత విమానాలున్న కొరియర్ అనగానే గుర్తొచ్చేది బ్లూ డార్ట్. 1983లో ముంబైలో పుట్టింది. 1996లో బోయింగ్ 737 సరుకు విమానాలు, 2006లో 757లు దింపింది. 757 పై అంతస్తులో 15 ప్యాలెట్లు (సరుకు కట్టి ఎక్కించే పలకలు) పడతాయి. చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, హైదరాబాద్ లాంటి నగరాల మధ్య ఇవి రాత్రిపూట తిరుగుతాయి. సాయంత్రం తీసుకున్న పెట్టెను పొద్దున్నే పంచాలన్నదే లెక్క. ఆ వరసలో భువనేశ్వర్, విశాఖ లేవు. అందుకే మన పెట్టె వేరే విమానంలోనో, రోడ్డు మీదో ఆ వరసను అందుకోవాలి. నాగపూర్ కేంద్రంగా 2009లో మొదలైన సరుకు విమానాల సంస్థ డెక్కన్ 360 రెండేళ్లకే ఆగిపోయింది. చిన్న ఊళ్లకు సరుకు విమానం రాకపోవడంలో వింతేమీ లేదు: సగం ఖాళీగా ఎగిరినా ఇంధనం ఖర్చు పెద్దగా తగ్గదు.

ప్రయాణికుల విమానం అడుగున వేస్తే కిలో రేటు తక్కువ. కానీ కార్గో టెర్మినల్‌కు మనమే చేర్చాలి, అక్కడా మనవాళ్లే విడిపించుకోవాలి. రసీదు మీద 11 అంకెలుంటాయి, మొదటి మూడూ ఎయిర్‌లైన్స్‌వి. పెళ్లిళ్ల సీజన్లో ప్రయాణికుల సామాను పెరిగితే ముందు దిగేది మన సరుకే. ఏటీఆర్ (రెక్కలకు ఫ్యాన్లుండే చిన్న విమానం) అయితే చోటు మరీ తక్కువ.

బిల్లు చూసి ఉలిక్కిపడేది బరువు దగ్గరే. అసలు తూకం, పెట్టె పట్టే చోటును బట్టి కట్టే బరువు: రెండింటిలో ఏది పెద్దదైతే దానికే బిల్లు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు దూదిలో చుట్టి 60×45×40 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారనుకోండి, తూకం 9 కిలోలే. కొరియర్ వాళ్లు సాధారణంగా ఆ మూడు కొలతల గుణకారాన్ని 5000తో భాగిస్తారు, 21.6 కిలోలకు కడతారు. ఎయిర్‌లైన్స్ 6000తో భాగిస్తే 18. పెట్టె ఎత్తు పది సెంటీమీటర్లు తగ్గించగలిగితే కొరియర్ లెక్కే 16.2కు దిగుతుంది. పట్టుచీరలకు ఈ బాధ లేదు, నిండుగా సర్దితే అసలు తూకమే పెద్దది. లోపల పాలిథిన్ మాత్రం మరవొద్దు, తడి తగిలితే జరీ పాడవుతుంది.

పెట్టెలో ఒక అత్తరు సీసా, స్ప్రే డబ్బా, పవర్ బ్యాంక్ చెప్పకుండా పెడితే ఎక్స్‌రేలో దొరుకుతుంది, పెట్టె మొత్తం ఆగిపోతుంది. విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం) తప్పనిసరి.

పెళ్లి తేదీకి అందాల్సిన చీరలకైతే కొరియరే మేలు, ఇన్సూరెన్స్ విడిగా కట్టి. వారం వారం వంద కిలోలు పోయే వ్యాపారికి, ఢిల్లీలో మనిషి ఉంటే, ప్రయాణికుల విమానం. జీడిపప్పుకు విమానం దండగ, రైలు పార్సిలే చాలు. బరంపురంలో బండి ఆగేది కొన్ని నిమిషాలే. ఎక్కకుండా మిగిలిన బస్తా తర్వాతి బండి కోసం ప్లాట్‌ఫాం మీదే ఉంటుంది, కాబట్టి దిగాల్సిన స్టేషన్ పేరు బస్తాకు రెండు వైపులా పెద్దగా రాయించండి.