శాటిలైట్ ఇంటర్నెట్‌కి అడ్వాన్సు కడుతున్నారా? ఏజెన్సీ ఊళ్ల వాళ్లు ముందు ఇది చదవండి

పాడేరు, చింతపల్లి వైపు ఫైబర్ రాని, సెల్ సిగ్నల్ అందని ఊళ్లలో కొందరు డీలర్లు ఇంటింటికీ తిరుగుతున్నారు. "కొత్త శాటిలైట్ నెట్ వచ్చేసింది, అడవిలో కూడా ఫైబర్ స్పీడ్" అని పాంప్లెట్లు పంచుతున్నారు. మా ఇంట్లో అలాగే డిష్ పెట్టారు. డబ్బంతా ముందే తీసుకున్నారు, మాకు కావాల్సిన పని మాత్రం జరగలేదు. పింఛను వేలిముద్రకీ, ఉపాధి పని హాజరుకీ కూడా కొండెక్కి సిగ్నల్ వెతుక్కునే ఊళ్లు ఇవి. వాళ్ల అవసరం చూపించి డబ్బు గుంజుతుంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

అసలు మోసం ఇక్కడుంది. శాటిలైట్ నెట్‌లో రెండు రకాలున్నాయి. మొదటిది పాతది. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో, మనకు ఎప్పుడూ ఒకే చోట ఉన్నట్టు కనిపించే ఉపగ్రహం నుంచి వస్తుంది. మన దేశంలో బ్యాంకు శాఖలకూ ఏటీఎంలకూ ఎన్నో ఏళ్లుగా వీశాట్ పేరుతో నడుస్తున్నది ఇదే. రెండోది స్టార్‌లింక్ లాంటిది. దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో వేల చిన్న ఉపగ్రహాలు తిరుగుతూ ఒకదాని తర్వాత ఒకటి సిగ్నల్ అందిస్తాయి. టీవీలో, యూట్యూబ్‌లో అందరూ చూసింది రెండోదాన్ని. డీలరు కబుర్లన్నీ దాని గురించే. ఇంటి మీద బిగించేది మాత్రం మొదటిది.

మా చెల్లెలు మెడికల్ కోడింగ్ ఉద్యోగం ఇంటి నుంచే చేస్తుంది. ఆఫీసు వీపీఎన్‌లోకి, అంటే ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి వెళ్లే తాళం వేసిన దారిలోకి, లాగిన్ అయితేనే పని. ఆ సంగతి డీలరుకి మొదటే స్పష్టంగా చెప్పాం. "డౌటే వద్దు సార్, వీడియో కాల్ కూడా అద్దంలా వస్తుంది" అన్నాడు. బిగించిన రోజు ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి 20 ఎంబీపీఎస్ చూపించి సంతకం పెట్టించుకుని వెళ్లాడు. ఆ అంకె అబద్ధం కాదు. కానీ అదే తెరమీద ఇంకో అంకె ఉంటుంది, పింగ్ అని. మనం అడిగినదానికి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం అది. అది 600 మిల్లీసెకన్లు దాటి ఉంది. మన అభ్యర్థన ఉపగ్రహానికి వెళ్లి అవతలి కేంద్రంలో దిగడానికే పావు సెకను పడుతుంది, జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు సెకను. పరికరాల్లో అయ్యే ఆలస్యం దీనికి అదనం. రేడియో తరంగం కాంతి వేగంతోనే వెళ్తుంది, అంతకు మించి వెళ్లదు. కాబట్టి "తర్వాత సెట్టింగ్ మార్చి తగ్గిస్తాం" అని ఏ డీలరు చెప్పినా నమ్మకండి.

వీపీఎన్‌తో పని చేసేవాళ్లు ఇది కాస్త శ్రద్ధగా చదవండి. ఈ ఆలస్యం తెలియకుండా ఉండటానికి మోడెంలో ఒక ఏర్పాటు ఉంటుంది. అవతలి సర్వర్ జవాబు రాకముందే "డేటా అందింది, తర్వాతది పంపు" అని ఇంట్లోని కంప్యూటర్‌కి మోడెమే చెప్పేస్తుంది. అందుకే మామూలు వెబ్‌సైట్లు, వీడియోలు పర్వాలేదనిపిస్తాయి. వీపీఎన్ మాత్రం డేటాని తాళం వేసి పంపుతుంది. లోపల ఏముందో మోడెంకి కనిపించదు, ఆ ఏర్పాటు పనిచేయదు. యూట్యూబ్ చక్కగా ఆడుతున్న ఆ కనెక్షన్ మీదే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ఒక పేజీ తెరుచుకోవడానికి మా చెల్లెలు చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. మీటింగులో ఈమె మాట్లాడటం మొదలుపెట్టేసరికి అవతల ఇంకొకరు మొదలుపెట్టేసేవారు. ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్‌తో చివరికి నర్సీపట్నంలో గది అద్దెకు తీసుకుంది.

డేటా లిమిట్ గురించి పాంప్లెట్‌లో ఒక్క ముక్క లేదు. "అన్‌లిమిటెడ్" అనే ఉంది. నెల సగం కాకముందే స్పీడు నేలకు దిగింది. అడిగితే ఫెయిర్ యూసేజ్ అన్నాడు, అంటే ఇంత డేటా వాడాక స్పీడు తగ్గించేస్తారట. ఇలాంటి పరిమితి పెట్టడానికి కారణం ఉంది, అది ముందే చెప్పాల్సింది. 2018 డిసెంబరులో పంపిన ఇస్రో జీశాట్-11 ఉపగ్రహం మొత్తం సామర్థ్యం సెకనుకు 16 గిగాబిట్లకు కాస్త పైన. ఆ ఉపగ్రహం మీద ఆధారపడినవాళ్లంతా పంచుకోవాల్సింది అంతే. అందులోంచి ఒక్కో ఇంటికి ఫైబర్‌లా అపరిమితంగా ఇవ్వడం ఎవరివల్లా కాదు.

వాన సంగతి మీకు తెలిసిందే. గట్టి వాన పడితే డీటీహెచ్ టీవీ బొమ్మ ఆగిపోతుంది కదా. ఈ నెట్ కూడా చాలావరకు అదే కేయూ బ్యాండ్ అనే రేడియో తరంగాల మీద నడుస్తుంది, వాన చినుకులు ఆ సిగ్నల్‌ని పీల్చేస్తాయి. మన్యంలో జూన్ నుంచి అక్టోబరు దాకా ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మాకు ఒక గాలివానకి డిష్ రవ్వంత తిరిగింది. ఇక సిగ్నలే లేదు. డీలరు ఫోన్ ఎత్తడు, ఎత్తితే టెక్నీషియన్ విశాఖ నుంచి రావాలి, ఛార్జీ వేరే అంటాడు. నెల బిల్లు మాత్రం ఆగలేదు.

ఇంతకన్నా నాకు కోపం తెప్పించిన విషయం ఇంకొకటుంది. ఇప్పుడు అదే మనిషి "కొత్త శాటిలైట్లకి అప్‌గ్రేడ్, ముందు కట్టినవాళ్లకే కనెక్షన్" అని చుట్టుపక్కల ఊళ్లలో డిపాజిట్లు వసూలు చేస్తున్నాడు. కాఫీ గింజలు అమ్మిన డబ్బు తెచ్చి ఇచ్చినవాళ్లున్నారు. దయచేసి కట్టకండి. పాత డిష్ ఒకే దిక్కుకి చూస్తుంది, కదిలే ఉపగ్రహాలను వెంబడించలేదు. దాన్ని అప్‌గ్రేడ్ చేయడం అనేదే ఉండదు, అంతా కొత్తగా కొనాల్సిందే.

పైగా ఆ కొత్త సేవ చరిత్ర చూడండి. 2021లో స్టార్‌లింక్ లైసెన్సు లేకుండానే మన దేశంలో 99 డాలర్లకు ముందస్తు బుకింగులు తీసుకుంది. ఆ నవంబరులో టెలికాం శాఖ, ఆ కంపెనీకి అనుమతి లేదు, ఎవరూ చేరవద్దు అని ప్రజలకు ప్రకటన ఇచ్చింది. తర్వాత డబ్బు వెనక్కి ఇచ్చారు. 2025 జూన్‌లో లైసెన్సు, జూలైలో అంతరిక్ష సేవలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ అనుమతి వచ్చాయి. అయినా ఆ ఏడాది చివరికి కూడా ఇళ్లకు సేవ మొదలవలేదు. డిసెంబరులో వాళ్ల వెబ్‌సైట్‌లో నెలకు 8,600 రూపాయలు, పరికరానికి 34,000 అని కనిపిస్తే, అది పొరపాటున బయటికొచ్చిన పరీక్ష సమాచారమనీ, భారత్‌లో ధర ప్రకటించలేదనీ, ఆర్డర్లు తీసుకోవడం లేదనీ కంపెనీయే చెప్పింది. వచ్చాక కూడా అందరికీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. గుంటూరు ఎంపీ, కేంద్ర సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ 2025 జూలైలోనే దేశం మొత్తానికి 20 లక్షల కనెక్షన్ల వరకే అన్నారు. మరి మన సంతలో డిపాజిట్ తీసుకునే మనిషి ఎవరి తరఫున తీసుకుంటున్నట్టు?

అమెరికాలో ఉన్న బంధువులతో కిట్ తెప్పించుకుందామని కొందరు అడుగుతున్నారు. వద్దు. అనుమతి లేని రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడం మన చట్టం ప్రకారం నేరం. కస్టమ్స్‌లో పట్టుకుంటే డబ్బూ పోతుంది, చిక్కులూ వస్తాయి.

వీశాట్ పనికిరాదని నేననడం లేదు. ఏ దారీ లేని చోట దరఖాస్తు అప్‌లోడ్ చేయడానికి, మెయిల్‌కి, వాట్సాప్ మెసేజ్‌లకి అది నిజంగా ఆసరా. కానీ ఏది కొంటున్నారో తెలిసి కొనండి. ఉపగ్రహం ఏ రకం, నెలకు ఎన్ని జీబీ, అవి అయిపోయాక స్పీడు ఎంత, డిష్ కదిలితే ఎన్ని రోజుల్లో ఎవరు వస్తారు, ఇవన్నీ జీఎస్టీ నంబరున్న బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే అక్కడితో ఆపేయండి. మీ ఆఫీసు వీపీఎన్‌ని ఆ డీలరు ఇదివరకు డిష్ పెట్టిన ఇంట్లో ఒకసారి వాడి చూడండి. అలాంటి ఇల్లు చూపించలేకపోతే అదే మీకు జవాబు.

అంతకంటే ముందు మేడ మీదా, చుట్టుపక్కల గట్ల మీదా బీఎస్ఎన్ఎల్ 4జీ అందుతుందేమో చూడండి. సిగ్నల్ లేని ఊళ్ల కోసమే 2022లో కేంద్రం వేరే పథకం పెట్టింది, టవర్లు ఇంకా వస్తున్నాయి. బయట యాంటెన్నా పెట్టుకునే 4జీ రూటరు ఉంటే, ఫోన్‌లో ఒక్క గీత వచ్చే చోట కూడా చాలాసార్లు నెట్ ఆడుతుంది. ఖర్చు శాటిలైట్ కంటే చాలా తక్కువ, పింగ్ కూడా బాధపెట్టదు.

ఇప్పటికే డిపాజిట్ కట్టినవాళ్లు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మేము మా కాగితాలతో ఆ పనే మొదలుపెట్టాం. పాంప్లెట్ పారేయకండి, అందులోని "అన్‌లిమిటెడ్" అనే మాటే మనకు సాక్ష్యం. రసీదు ఇవ్వనివాళ్లకు ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ చెల్లింపు వివరాన్ని ఇవాళే ప్రింటు తీసి పెట్టుకోండి.