నీల్ దీవిలో ముప్పై రాత్రులు: అండమాన్‌లో టెంట్ వేసుకుని ఉన్న నా అనుభవం

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. జూలైలో రిటర్నులు, సెప్టెంబర్‌లో ట్యాక్స్ ఆడిట్లు, డిసెంబర్ 31కి జీఎస్టీ వార్షిక రిటర్నులు, ఏడాదంతా గడువు తేదీల టెన్షనే. ఈసారి ఇక నావల్ల కాదనిపించి, జీతం లేకుండా 45 రోజులు సెలవు కావాలని సారుని అడిగేశాను. "జనవరిలో అయితే వెళ్లమ్మా, మార్చికి మాత్రం సీట్లో ఉండాలి" అన్నారు. అండమాన్‌కి కూడా అదే మంచి కాలం. మేలో నైరుతి వానలు మొదలైతే, అవి తగ్గీ తగ్గకముందే ఈశాన్య రుతుపవనాలు వచ్చేస్తాయి, మళ్లీ డిసెంబర్ దాకా టెంట్లో ఉండే మాట లేదు.

సంక్రాంతికి ఇంట్లో లేకుండా గుడారంలో ఉండటమేంటని అమ్మ బాధపడింది. అయినా గోంగూర పచ్చడి, కందిపొడి కట్టిచ్చింది. కొత్త టెంట్‌ని ముందు మా డాబా మీద రెండు రాత్రులు వేసి పడుకుని చూశాను, అది మంచిదైంది, ఎందుకంటే నేలలో దిగ్గొట్టే మేకులు సిమెంట్ మీదే కాదు, ఇసుకలోనూ నిలవవని అక్కడే తట్టింది. అందుకని ఖాళీ బియ్యం సంచులు నాలుగు వెంట తీసుకెళ్లాను. వాటినిండా ఇసుక పోసి, టెంట్ తాళ్లు వాటికి కట్టి గుంటలో పాతిపెడితే ఎంత గాలికైనా కదల్లేదు.

పొద్దున్నే పినాకిని రైల్లో చెన్నై, రాత్రికి అక్కడే ఉండి మర్నాడు విమానం. రెండు గంటలు దాటి కాస్త ప్రయాణం. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది కానీ రెండు రోజులకు పైనే సముద్రం మీద ఉండాలి, పైగా అది రోజూ ఉండేది కాదు. గుర్తుపెట్టుకోండి, క్యాంపింగ్ స్టవ్ గ్యాస్ డబ్బాలు విమానంలో తీసుకెళ్లనివ్వరు, పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి. నేను స్టవ్ ఆలోచనే మానుకున్నాను.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, అక్కడి జనం నోట మాత్రం ఇంకా పాత పేరే. జెట్టీకి దగ్గర్లో ఇడ్లీలు అమ్మే ఆవిడ నా ఫోన్ మాటలు విని "ఏటమ్మా, బెజవాడ నుండొచ్చినావా?" అంది. వాళ్లది శ్రీకాకుళం వైపట, తాతల నాడు వచ్చి స్థిరపడ్డారట. ఆ ఊళ్లో తెలుగువాళ్లు చాలామంది, దారి అడగడానికి హిందీ కూడా అక్కర్లేకపోయింది. హోటల్ గది 1,200, శుభ్రంగా ఉంది, అంతకన్నా చెప్పేదేం లేదు.

హేవ్‌లాక్‌కి (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) ప్రభుత్వ ఫెర్రీలో వెళ్లాను. ప్రైవేట్ పడవల కన్నా గంట ఎక్కువ పడుతుంది, కానీ టికెట్ చాలా చవక. రాధానగర్ బీచ్ ఎంత చెప్పినా తక్కువే, తెల్లటి ఇసుక, వెనక నిలువెత్తు అడవి. కానీ బీచ్ బాగుండటం వేరు, అక్కడ నెలల తరబడి ఉండటం వేరు. నేను ముందే డబ్బు కట్టిన టెంట్ల స్థలంలో ఎనిమిది టెంట్లకి ఒకటే బాత్రూమ్, పొద్దున తొమ్మిది దాటితే నీళ్లు రావు, నీడ అనేదే లేదు కాబట్టి ఏడింటికల్లా టెంట్ లోపల పెనంలా ఉండేది. రాత్రి పన్నెండు దాకా పాటలు. రోజుకు 600 తీసుకుని, ఆరు రోజులకే వెళ్లిపోతానంటే మిగతా అడ్వాన్స్ తిరిగివ్వలేదు. ఎంత కోపం వచ్చిందో! ఎక్కువ రోజుల డబ్బు ముందే ఎవరికీ కట్టొద్దు, రెండు రాత్రులు ఉండి చూశాకే మాట్లాడుకోండి.

ఇంకో మాట, బీచ్‌లో ఎక్కడ పడితే అక్కడ టెంట్ వేస్తామంటే కుదరదు. చాలా భాగం అటవీ శాఖ భూమి, అనుమతి కావాలి. ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి, 2010లో రాధానగర్ పక్కనే ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట నీళ్లలో దిగొద్దు. సొంత తోటల్లో చోటిచ్చే వాళ్లని వెతుక్కోవడమే మేలు.

అలాంటి తోట నాకు నీల్‌లో (షహీద్ ద్వీప్) దొరికింది. ఒక బెంగాలీ కుటుంబానిది, సీతాపూర్ వైపు, పోక చెట్లు, మధ్యలో మంచినీళ్ల బావి. నెలకు 7,500 మాట్లాడుకున్నాం. ఆ ఇంటి దీదీ మొదటిరోజే నన్ను కొబ్బరిచెట్టు కింది నుంచి లేపి, పైన గెలలు చూపించి, టెంట్‌ని బాదంచెట్టు కిందికి మార్పించింది. రెండోరోజే సంక్రాంతి. ఇంట్లో లేనన్న దిగులు పొద్దుటి నుంచీ ఉంది. దీదీ పల్చటి బియ్యప్పిండి అట్టులో కొబ్బరి, బెల్లం కూరి చుట్టి పెట్టింది, వాళ్లకీ అదే రోజు పౌష్ సంక్రాంతి. కొరికితే లోపల అచ్చం మన కజ్జికాయల్లోని కొబ్బరి లౌజే. వెంటనే అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను, ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే చాలాసేపు మాట్లాడుకున్నారు.

దీవి చిన్నది, సైకిల్ ఉంటే చాలు. సూర్యోదయం సీతాపూర్‌లో, అస్తమయం లక్ష్మణ్‌పూర్‌లో. అక్కడ సహజంగా ఏర్పడ్డ రాతి వంతెన దగ్గరికి పోటు తగ్గినప్పుడే వెళ్లగలం. సాయంత్రం అయిదున్నరకే చీకటి పడిపోతుంది, తెల్లవారుజామున అయిదింటికే మెలకువ వచ్చేస్తుంది. మొదటి వారం ఫోన్ ఊరికే చూసుకున్నాను, రెండో వారం నుంచి అది సంచిలోనే ఉండిపోయింది. సముద్రం అడుగున చెన్నై నుంచి కేబుల్ వేశాక (2020) నెట్ బాగానే వస్తోందంటారు, నా టెంట్ దగ్గర మాత్రం అంతంతమాత్రమే.

కష్టాలూ ఉన్నాయి. ఇసుక ఈగలు కంటికి కనపడనంత చిన్నవి, దోమ కన్నా ఘోరంగా దురద పెడతాయి, గోకితే పుండు పడుతుంది. కాళ్లకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి, పొద్దున, సాయంత్రం ఇసుక మీద కూర్చోకపోవడమే నాకు పనిచేసింది. తిండి సంచి కింద పెడితే పీతలు, ఎలుకలు వదలవు, కొమ్మకి వేలాడదీయాలి. కందిపొడి తేమకి ముద్ద కట్టింది. గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకుని తేవడం నేరం, తెలియక సంచిలో వేసుకుని ఇరుక్కోవద్దు.

చివరి నాలుగు రాత్రులు లాంగ్ ఐలండ్‌లో గది తీసుకున్నాను (800). అడవిలో నడిచి లాలాజీ బే చేరితే ఆ పూట అంత పొడవు తీరంలో నేనొక్కదాన్నే. పుస్తకాలు, మందులు అన్నీ వెంట ఉన్న వాళ్లకి బాగుంటుంది, ఒంటరిగా తిరిగే ఆడవాళ్లకి మాత్రం మనుషులున్న నీల్ తోటే నయం అంటాను.

మొత్తం దాదాపు 56,000 అయింది. అందులో విమానం, రైలు కలిపి 14,000, తిండికి 18,000. చేపల భోజనం 200కి కడుపు నిండా పెడతారు. టెంట్ జిప్పు ఉప్పుకి బిగుసుకుపోయింది, రోజూ మంచినీళ్లతో తుడిచి కొవ్వొత్తి మైనం రుద్ది ఉండాల్సింది. వచ్చే జనవరికి ఆ బాదంచెట్టు కింద చోటు ఉంచమని దీదీతో చెప్పే వచ్చాను.