పరికిణీ కట్టిన రోబో కారు: రెండేళ్ల తర్వాత

మైక్రోబిట్ (పిల్లలు ప్రోగ్రామ్ రాయడం నేర్చుకునే బుల్లి కంప్యూటర్) బోర్డుతో నడిచే ఈ కారు కిట్టు మా ఇంటికి వచ్చి రెండేళ్లయింది. అప్పుడు మా అమ్మాయి మూడో తరగతి, ఇప్పుడు ఐదు. పెట్టెలో ఏమేమి ఉంటాయో అమ్మే చోటల్లా రాసే ఉంటుంది, ఆ జోలికి పోను. నా గొడవంతా కారు కింద ఉండే రెండు గీత సెన్సర్లతోనే. కంపెనీ పేరు చెప్పను, వాటిని మాత్రం ఏడాదిపాటు తిట్టుకున్నాను.

తెల్ల చార్టు మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటిస్తే కారు ఆ గీత వెంటే పోవాలి. రాత్రిపూట హాల్లో ముచ్చటగా పోయేది. బడిలో సైన్స్ ప్రదర్శన రోజున వరండాలో బల్ల వేశారు. పదకొండు గంటల ఎండ చార్టు మీదే పడుతోంది. మొదటి మలుపు దగ్గర కారు తిరగలేదు. సూటిగా వెళ్లి బల్ల మీద నుంచి కింద పడింది. పిల్ల ఏడవలేదు గానీ ఆ పూటంతా మాట్లాడలేదు.

ఇంటికొచ్చి పెడితే బుద్ధిగా నడిచింది! సెల్లులు మార్చాను, కంప్యూటర్ తెర మీద పేర్చే ప్రోగ్రామ్ బ్లాకులన్నీ విప్పి మళ్లీ పేర్చాను. తప్పేమీ దొరకలేదు. ఆదివారం మా అమ్మాయే కారును కిటికీ ఎండలోకీ నీడలోకీ మార్చి మార్చి చూసింది. సెన్సర్ పక్కనున్న బుల్లి లైటు తెలుపు మీద వెలగాలి, నలుపు మీద ఆరాలి. ఎండలో రెండింటి మీదా వెలుగుతూనే ఉంది. "నాన్నా, ఎండలో దీనికి నల్లది కూడా తెల్లగానే కనిపిస్తోంది" అంది.

అదే జరిగింది. సెన్సర్ కంటికి కనపడని పరారుణ కాంతిని కిందికి వదులుతుంది. తెలుపు దాన్ని తిప్పి పంపుతుంది, నలుపు మింగేస్తుంది. ఎండలోనూ ఆ కాంతి బోలెడంత ఉండేసరికి దాని లెక్క తప్పింది. ఫోను కెమెరాలోంచి చూపిస్తే సెన్సర్ బల్బు ఊదారంగులో మిణుకుమంది. ఆ రోజు పిల్ల కళ్లు చూడాలి!

పాత శుభలేఖ అట్ట కత్తిరించి సెన్సర్ల చుట్టూ నేలకు వెంట్రుకవాసి ఎత్తులో పరికిణీలా అంటించింది. కారు దారికొచ్చింది. సెన్సర్ మీద నీలం డబ్బాలో ఇత్తడి మర ఒకటి ఉందనీ, దాన్ని తిప్పితే నలుపు, తెలుపుల హద్దు మారుతుందనీ మాకు తర్వాతెప్పుడో తెలిసింది. కిట్టుతో వచ్చిన పుస్తకంలో దాని మాటే లేదు.

కొన్న కొత్తలో "పిల్లలే బిగించుకోవచ్చు" అని అపార్ట్‌మెంటులో అందరికీ చెప్పాను. ఆ చిన్న నట్లు మా అమ్మాయి వేళ్లకు నిలవలేదు, సగం నేనే బిగించాను. మోటార్లు రెండూ ఒకే వేగంతో తిరగవు. నేరుగా పోవడానికి మా అమ్మాయి ప్రోగ్రామ్‌లో ఎడమ చక్రం వేగం 200, కుడి చక్రం వేగం 188 అని పెట్టుకుంది, సెల్లులు నీరసించాక ఆ అంకెలూ పనికిరావు.

కొనమంటారా అంటే, నాకు ఆదివారాలు ఖాళీ, ఇంట్లో స్క్రూడ్రైవర్లున్నాయి, పిల్లకు మొండితనం ఎక్కువ. పక్కింటి అబ్బాయికి ఇదే కిట్టు కొన్నారు, అది మూడో వారానికే అటకెక్కింది. వాళ్ల కారుకు మాత్రం ఇంకా పరికిణీ లేదు, మా అమ్మాయి కట్టిస్తానంటోంది.