ఐర్లాండ్ పారిష్ రిజిస్టర్ల సైటు: పేరు కొడితే దొరకదు, ఊరు తెలిస్తే వదలదు

డబ్లిన్‌లోని ఐర్లాండ్ జాతీయ గ్రంథాలయం కాథలిక్ పారిష్ (ఒక గుడి కిందికి వచ్చే ప్రాంతం) రిజిస్టర్లను, అంటే జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు రాసిపెట్టిన పుస్తకాలను, 2015 జులై 8న ఆన్‌లైన్‌లో పెట్టింది. ఖాతా తెరవక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. వెయ్యికి పైగా పారిష్‌ల పుటలు, మొత్తం 3,70,000కు పైగా బొమ్మలు. వలస వెళ్లిన ఐరిష్ పూర్వీకుల జాడ తీసేవాళ్లకు ఇది చాలా పెద్ద ఉచిత భాండారం. అయినా సైటు తెరిచిన పది నిమిషాల్లో విసుక్కుని మూసేసేవాళ్లే ఎక్కువ. ఎందుకంటే సెర్చ్ బాక్సు పారిష్ పేరు అడుగుతుంది తప్ప మనిషి పేరు తీసుకోదు. ఉన్నవి రాతపుటల ఫొటోలే, పేర్ల జాబితా కాదు. పారిష్ (మన కాథలిక్కుల మాటలో విచారణ) ఏదో తెలిసినవాళ్లు దీనికి ఐదుకు ఐదు చుక్కలు ఇవ్వొచ్చు. తెలియనివాళ్లకు ఒక చుక్క కూడా ఎక్కువే.

ఈ రిజిస్టర్ల మీద ఇంతగా ఆధారపడాల్సి రావడానికి కారణముంది. 1922 జూన్ 30న డబ్లిన్ న్యాయస్థానాల సముదాయం ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు జనగణనలు దాదాపు పూర్తిగా పోయాయి. 1861, 1871 నాటివి అప్పటికే ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 కాగితాలను మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుజ్జు చేశారు. కాథలిక్ రిజిస్టర్లు గురువుల (పాదిరీల) దగ్గరే ఉండటంతో మిగిలాయి. మీ పూర్వీకులు చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ (ప్రొటెస్టంట్ చర్చి) వారైతే మాత్రం ఈ సైటుతో పనిలేదు. వాళ్ల రిజిస్టర్లలో సగానికి పైగా ఆ మంటల్లోనే పోయాయి.

కాబట్టి పని ఐర్లాండ్‌లో కాదు, ఓడ దిగిన దేశంలో మొదలుపెట్టాలి. 1906కు ముందు అమెరికా పౌరసత్వ కాగితాల్లో చాలావరకు పుట్టిన దేశం దగ్గర ‘ఐర్లాండ్’ అని మాత్రమే ఉంటుంది. ఊరి పేరు దొరికే చోట్లు వేరు: సమాధి రాయి, అక్కడి కాథలిక్ గుడి పెళ్లి రిజిస్టరు, న్యూయార్క్ ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు ఖాతా పుస్తకాలు, బోస్టన్ పైలట్ పత్రికలో 1831 నుంచి 1921 వరకు వచ్చిన ‘తప్పిపోయిన స్నేహితులు’ ప్రకటనలు. ఒక్కడి కోసమే వెతక్కుండా అతని అన్నదమ్ములు, పెళ్లి సాక్షులు, పక్కింటివాళ్ల కాగితాలూ చూడాలి. ఒకే ఊరివాళ్లు ఒకే వీధిలో చేరడం ఐరిష్ వలసల్లో మామూలు.

ఊరి పేరు దొరికాక చాలామంది పప్పులో కాలేసే చోటు ఇంకొకటుంది. ఐర్లాండ్‌లో టౌన్‌లాండ్ అనే చిన్న భూవిభాగాలు 60,000కు పైగా ఉన్నాయి. వాటిని కలిపే సివిల్ పారిష్ వేరు, కాథలిక్ పారిష్ వేరు. పేర్లూ హద్దులూ కలవవు. 1847 నుంచి 1864 వరకు జరిగిన గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో (పన్ను కోసం చేసిన ఇళ్లూ భూముల మదింపు) ఇంటి యజమాని పేరు పట్టుకుంటే టౌన్‌లాండ్, సివిల్ పారిష్ తెలుస్తాయి. అక్కణ్నుంచి కాథలిక్ పారిష్‌కు దారి తీయాలి. బేరా ద్వీపకల్పంలో ఒక సలివన్ కోసం వెతకడమంటే నల్లగొండలో రెడ్డి కోసం వెతకడమే. ఇంటిపేరు అరుదైనదైతే మీ అదృష్టం.

సైటులో పారిష్ పుట తెరిస్తే మ్యాపులో చుట్టుపక్కల పారిష్‌లు కనిపిస్తాయి. దీన్ని చాలామంది పట్టించుకోరు. పెళ్లి సాధారణంగా వధువు పారిష్‌లో జరుగుతుంది, తొలి కాన్పు బిడ్డకు జ్ఞానస్నానం తరచు తల్లి పుట్టింటి పారిష్‌లోనే. అందుకే పక్క పారిష్‌లనూ వదలకూడదు. తర్వాత మైక్రోఫిల్ము (పుటల ఫొటోలున్న రీలు) ఎంచుకుని జ్ఞానస్నానమా పెళ్లా, ఏ సంవత్సరం, ఏ నెల అని ఫిల్టరు పెట్టాలి. ఫిల్టరును గుడ్డిగా నమ్మొద్దు. ఒకే పుస్తకంలో ఒక వైపు పెళ్లిళ్లు, మరో వైపు జ్ఞానస్నానాలు ఉంటాయి. పుటలు ముందువెనుకలైన చోట్లూ ఉన్నాయి. అనుకున్న నెలకు ముందు మూడు పుటలు, వెనుక మూడు పుటలు తిప్పాల్సిందే. వలసవెళ్లినవాళ్లు చెప్పిన వయసు ఎప్పుడూ ఉజ్జాయింపే కాబట్టి పుట్టిన ఏడుకు అటూ ఇటూ ఐదేళ్లు చూడాలి.

బొమ్మల నాణ్యతే ఈ సేవలో అసలు చిక్కు. ఫిల్ములు 1950లు, 60ల్లో నలుపు తెలుపుల్లో తీసినవి. సిరా వెలిసిన పుట ఫిల్ములో ఖాళీ కాగితంలాగే పడింది. బ్రైట్‌నెస్ తగ్గించి కాంట్రాస్ట్ పెంచితే కొన్ని అక్షరాలు బయటపడతాయి. మొబైల్లో ఈ పని కష్టం, పెద్ద తెర కావాలి.

ఇక లాటిన్. భయపడక్కర్లేదు, పది మాటలు చాలు. తల్లిదండ్రుల పేర్లు షష్ఠీ విభక్తిలో వస్తాయి: తండ్రి జాకోబుస్ అయితే ‘జాకోబి’, తల్లి బ్రిజిడా అయితే ‘బ్రిజిడే’. ఆ రెండు పేర్లకు ముందున్నది బిడ్డ పేరు, ‘ఎస్.పి.’ తర్వాత వచ్చేవి జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి పేర్లు. చివరి అక్షరం చెరిగితే జొవానెస్ అనే మగపిల్లాడు జొవానా అనే ఆడపిల్ల అయిపోతాడు. జాకోబుస్ అంటే జేమ్స్, గులియెల్ముస్ అంటే విలియం, యుజీనియుస్ అంటే ఓవెన్. థాడియస్‌గా రాసినవాడు ఇంట్లో టైగ్, అమెరికాలో టిమతీ. అక్కడ డెలియా పేరుతో పోయిన అమ్మమ్మ ఇక్కడ బ్రిడ్జెట్ అయ్యుండొచ్చు. ఇంటిపేరు ముందున్న ‘ఓ’, ‘మాక్’ ఒక పుటలో ఉంటాయి, మరో పుటలో ఉండవు. కాథలిక్ రిజిస్టర్లలో తల్లి పుట్టింటి ఇంటిపేరు రాసే అలవాటుంది. భార్యాభర్తల రెండు ఇంటిపేర్లూ జతగా దొరికితే సగం సందేహం తీరినట్టే.

పెళ్లి నమోదులో ‘తెర్సియో గ్రాదు’ అన్న మాట కనబడితే ఎగిరి గంతేయండి. వధూవరులకు మూడో మెట్టు రక్తసంబంధం ఉన్నందున మినహాయింపు ఇచ్చారని సాధారణంగా అర్థం, అంటే ఇద్దరికీ ముత్తాతలు ఒకరే. రెండో మెట్టు అయితే తాతలు ఒకరే. సూచికల్లో సాధారణంగా దొరకని సమాచారమిది, అసలు పుట చూడాల్సిందే.

పారిష్ తెలియక ఆగిపోయినవాళ్లు పేర్ల సూచికతో మొదలుపెట్టి పుట దగ్గరికి రావచ్చు. ఇవే బొమ్మలకు ఫైండ్‌మైపాస్ట్, ఆన్‌సెస్ట్రీ అనే వంశవృక్షాల సైట్లు 2016లో సూచిక తయారుచేశాయి. ఆ చేతిరాత చదవడంలో తప్పులు బాగానే ఉన్నాయి. ఐర్లాండ్‌లోని స్థానిక వంశచరిత్ర కేంద్రాలు ఎక్కించిన రూట్స్ ఐర్లాండ్ చందా సైటు ఇంతకన్నా నమ్మదగినది. తండ్రి పేరు, తల్లి ఇంటిపేరు మాత్రం ఇచ్చి బిడ్డ పేరు ఖాళీగా వదిలితే తోబుట్టువులంతా వరసగా వస్తారు. ముందు ఊహలన్నీ కాగితం మీద రాసుకుని ఒక్క నెల చందా కట్టుకుంటే చాలు, ఏడాది అక్కర్లేదు. డబ్లిన్ నగరం, కెర్రీ, కార్క్‌లో కొంత భాగానికి ప్రభుత్వ సైటు ఐరిష్‌జీనియాలజీలో ఉచితంగా దొరుకుతుంది.

1864 జనవరి 1 నుంచి అందరి పుట్టుకలూ ప్రభుత్వ నమోదులోకి వచ్చాయి. రెండూ ఉన్న ఏళ్లలో పోల్చితే బిడ్డ పుట్టకముందే జ్ఞానస్నానం జరిగినట్టు కనిపించడం అరుదేమీ కాదు. నమోదు ఆలస్యమైనందుకు పడే జరిమానా తప్పించుకోవడానికి అసలు పుట్టిన తేదీకి బదులు దాని తర్వాతి తేదీ రాయించేవారు. అలాంటప్పుడు గురువు రాసిన తేదీనే నమ్మాలి. 1901, 1911 జనగణనల మధ్య పదేళ్లకు పదిహేనేళ్లు పెరిగిన ముసలివాళ్లకూ కారణం ఉంది: 1908 చట్టం 70 ఏళ్లు నిండినవారికి పింఛను ఇచ్చింది.

మన వైపుకూ ఒక దారి ఉంది. సికింద్రాబాద్ లాంటి కంటోన్మెంట్లలో పనిచేసిన ఐరిష్ సిపాయిల సంతతి వెతికేవాళ్లు బ్రిటిష్ లైబ్రరీలోని మద్రాసు చర్చి రికార్డుల్లో (ఎన్/2 వరుస) జ్ఞానస్నానం, పెళ్లి, సమాధి నమోదులు చూడాలి. బ్రిటిష్ సైన్యం సిపాయి అయితే పింఛను కాగితాల్లో పుట్టిన పారిష్, దగ్గరి పట్టణం, కౌంటీ తరచు ఉంటాయి. ఓడ ఎక్కి అమెరికా పోయినవాడి కన్నా ఇతని ఊరు పట్టుకోవడం తేలిక.

జాతీయ గ్రంథాలయం బొమ్మలు చాలావరకు 1880 దగ్గర ఆగిపోతాయి. ఆ తర్వాతి పుస్తకాలు పారిష్‌లలోనే ఉన్నాయి. విచారణ గురువుకు ఉత్తరం రాసేటప్పుడు ఒకే వ్యక్తి గురించి, ఐదేళ్ల వ్యవధికి మించకుండా అడగండి. తల్లిదండ్రుల పేర్లు, టౌన్‌లాండ్ రాయండి. గుడికి చిన్న కానుక జతచేయండి. వంశవృక్షం మొత్తం పంపి ‘మావాళ్లు ఎవరైనా ఉన్నారా’ అని అడిగిన ఉత్తరానికి జవాబు రాకపోతే ఆశ్చర్యపోవద్దు.