మెయిళ్లు వస్తున్నాయి, పోవడం లేదు: ఏ మందు మేలు?

తెనాలిలో ఉండే మా మావయ్య రిటైరైన లెక్చరర్. మూడు నెలలకొకసారి ఒక చిన్న పత్రిక తెస్తారు. పేజీలన్నీ ఇంట్లోనే కూర్చి, పీడీఎఫ్ చేసి, విజయవాడలోని ప్రెస్సుకు థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాము నుంచి పంపిస్తారు. ఫోనులో మెయిల్ చూడటం ఆయనకు సరిపడదు; ఉత్తరమంటే బల్ల ముందు కూర్చుని చదవాల్సిందే. పోయిన సంచిక అచ్చుకు వెళ్లాల్సిన ముందు రోజు రాత్రి ఫోను చేశారు. "ఏరా, వచ్చేవి వస్తున్నాయి గానీ నావి ఒక్కటీ పోవడం లేదు. నెట్ ఉన్నట్టా, లేనట్టా?"

నెట్ ఉంది. లేకపోతే రావలసినవీ రావు. మెయిల్ ప్రోగ్రాములో రాకకు ఒక దారి, పోకకు ఇంకొకటి. ఇంటికి ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మన్ వేరు, వీధి చివర మనం ఉత్తరం వేసే ఎర్ర డబ్బా వేరు. తెచ్చే పని ఐమ్యాప్‌దో పాప్‌దో; వాటి పోర్టులు, అంటే సర్వర్‌లో ఆ పనికి కేటాయించిన తలుపు నంబర్లు, మామూలుగా 993, 995. పంపే పని ఎస్ఎంటీపీది. దాని సర్వర్ పేరు, పోర్టు, పాస్‌వర్డ్ అన్నీ విడిగా ఉంటాయి. థండర్‌బర్డ్‌లో అకౌంట్ సెట్టింగులు తెరిస్తే ఎడమ పక్క వరుసలో అన్నిటికంటే అడుగున కనిపిస్తుంది. అంత కిందికి ఎవరూ చూడరు.

ఇలాంటప్పుడు తెలిసినవాళ్లంతా తలా ఒక మందు చెబుతారు. పోర్టు మార్చమని ఒకరు, పాస్‌వర్డ్ మార్చమని ఇంకొకరు, యాంటీవైరస్ ఆపమని మరొకరు, అకౌంటే తీసేసి కొత్తగా పెట్టమని వేరొకరు. ఏదీ పూర్తిగా తప్పు కాదు. జబ్బు ఏదో తేలకముందే అన్నీ మింగితేనే చిక్కు.

తీసేసి మళ్లీ పెట్టడమా, ఒక్కచోట సరిచేయడమా

ఇందులో తర్కించడానికేమీ లేదు. తీసేయకండి. నాలుగేళ్ల కిందట ఇలాగే మెయిల్ మొరాయిస్తే మావయ్య ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయిని పిలిపించారు. అతను అకౌంటు తొలగించాడు. తొలగించేటప్పుడు, కంప్యూటర్‌లో దాచిన ఉత్తరాలను కూడా చెరిపేయాలా అని థండర్‌బర్డ్ ఒక గడి చూపిస్తుంది. అందులో టిక్కు పెట్టేశాడు. అప్పట్లో అది పాప్ అకౌంటు. దించుకున్న ఉత్తరాల నకళ్లు సర్వర్‌లో మిగలకుండా పెట్టుకున్నది. తొమ్మిదేళ్లుగా రచయితలు రాసిన ఉత్తరాలన్నీ పోయాయి. మావయ్య ఆ అబ్బాయికి కాఫీ ఇచ్చి, డబ్బిచ్చి, గుమ్మం దాకా వెళ్లి సాగనంపారు. పోయిన సంగతి మర్నాడు గాని తెలియలేదు.

ఐమ్యాప్ అయితే ఉత్తరాలు సర్వర్‌లో ఉంటాయి కనుక ఇంత నష్టం రాదు. అయినా పంపే దారిలో ఒక్క అక్షరం తప్పుంటే ఇల్లంతా కూల్చి కట్టడం దేనికి? ఎస్ఎంటీపీ వరుస ఒక్కటి తెరిచి సరిచేస్తే చాలు. మహా అయితే దాన్ని తీసేసి కొత్త ఎస్ఎంటీపీ చేర్చండి. ఉత్తరాల జోలికి పోనక్కర్లేదు.

ఊహించడమా, చదవడమా

"తెరమీద ఏం వచ్చింది మావయ్యా?" అంటే, "ఏదో ఇంగ్లిషులో వచ్చింది, మూసేశాను" అన్నారు. మళ్లీ పంపించి, అక్షరం అక్షరం చదివించాను. కావలసింది అందులోని మూడంకెల సంఖ్య. 535 అంటే సర్వర్ దాకా చేరాం, పేరో పాస్‌వర్డో నచ్చలేదు. 530 పక్కన స్టార్ట్‌టీఎల్ఎస్ అని ఉంటే, సంభాషణకు తాళం వేయకుండానే, అంటే ఇతరులు చదవలేని సంకేతాల్లోకి మార్చకుండానే, పాస్‌వర్డ్ చెప్పబోయాం. 552 అంటే ఉత్తరం బరువెక్కువ. జోడించిన ఫైలు మెయిల్‌లో వెళ్లేటప్పుడు ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలుగా మారతాయి కాబట్టి 20 ఎంబీ పీడీఎఫ్ దారిలో సుమారు 27 ఎంబీ అవుతుంది. 25 ఎంబీ దగ్గర గీత గీసిన సర్వర్ దాన్ని తిప్పికొడుతుంది. సంఖ్య ఏదీ లేకుండా గడువు దాటిందని మాత్రమే వస్తే, అసలు గుమ్మం దాకానే వెళ్లలేదు.

మావయ్యకు వచ్చింది 550. పక్కనే రిలే, అంటే ఉత్తరాన్ని అందుకుని ముందుకు చేరవేయడం, కుదరదన్న మాట.

ఇంటర్నెట్ కంపెనీ సర్వరా, మెయిల్ ఇచ్చినవారి సర్వరా

అసలు కథ ఇక్కడుంది. ఆయన చిరునామా ఒక పెద్ద మెయిల్ సంస్థది. పంపే సర్వర్ మాత్రం పాత ఇంటర్నెట్ కంపెనీది. పన్నెండేళ్ల కిందట కనెక్షను ఇచ్చినవాళ్లు పెట్టివెళ్లిన ఏర్పాటు అది. దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. తమ లైను నుంచి వచ్చినవాళ్లు తమవాళ్లే అని ఊరుకుంటుంది. నెల కిందట మావయ్య కనెక్షను మార్చారు. పాత సర్వర్ దృష్టిలో ఆయన ఆ రోజు నుంచి పరాయివారు. పరాయివాళ్ల ఉత్తరాలు మోయనంటుంది, అదే 550. ఆ నెలంతా ఆయన ఎవరికీ మెయిల్ రాయలేదు కాబట్టి బయటపడలేదు, అంతే.

ఆ ఏర్పాటు చేసినవారిని తప్పుపట్టలేం. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ ప్రమాణంలో పాస్‌వర్డ్ అన్న ఆలోచనే లేదు. ఎవరి ఉత్తరాన్నయినా ఏ కంప్యూటరైనా ముందుకు పంపేది. చెత్త మెయిళ్లు పెరిగాక తలుపులు మూశారు, ఎవరి లైనువాళ్లను వారే రానిచ్చారు. పంపేవారు పేరు, పాస్‌వర్డ్ చెప్పుకునే పద్ధతి 1999లో గాని ప్రమాణంగా రాలేదు. కాబట్టి ఇంటర్నెట్ కంపెనీ సర్వర్ ఒకప్పుడు తెలివైన దారే.

ఇప్పుడు కాదు. ఫలానా చిరునామాతో ఉత్తరాలు పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో ఆ డొమైన్ (చిరునామాలో @ తరువాతి భాగం) యజమానులే ప్రకటిస్తున్నారు. దాన్ని ఎస్‌పీఎఫ్ అంటారు. ఉత్తరం మీద పంపిన సర్వర్ వేసే సంతకం డీకిమ్. ఈ రెండూ తప్పితే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. యాహూ 2014 ఏప్రిల్‌లోనే, తన చిరునామాతో వేరే చోటు నుంచి వచ్చే ఉత్తరాలను తిరస్కరించమని లోకానికి చెప్పేసింది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తనకు వచ్చే ప్రతి ఉత్తరానికీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలంటోంది. అంటే యాహూ చిరునామా పెట్టి ఇంటర్నెట్ కంపెనీ సర్వర్ ద్వారా పంపితే, మీ వైపు పోయినట్టే కనిపిస్తుంది, అవతల చేరదు. పోనిదానికంటే ఇదే ప్రమాదం. పోకపోతే కనీసం తెలుస్తుంది.

కనుక ఏ చిరునామాకు ఆ సంస్థ సర్వరే. ఒకే ప్రోగ్రాములో రెండు మూడు అకౌంట్లు ఉన్నవారు ఇంకో పని చేయాలి. ఒక్కో అకౌంటు సెట్టింగుల్లో ఏ ఎస్ఎంటీపీ ఎంచుకుని ఉందో తెరిచి చూడండి. కొన్నిసార్లు అన్నీ మొదటిదాని మీదే పడి ఉంటాయి. సొంత డొమైన్ ఉన్నవాళ్లు మాత్రం తమ ఎస్‌పీఎఫ్‌లో ఏ సర్వర్ రాసి ఉందో చూసి, దాన్నే వాడాలి.

465, 587, 25

25ను వదిలేయండి. అది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్టు. ఇళ్ల కనెక్షన్లలో చాలా కంపెనీలు దాన్ని మూసేస్తాయి. పోటీ మిగతా రెంటి మధ్యే.

587ను 1998లో, మనలాంటివాళ్లు ఉత్తరం అప్పగించడానికని ప్రత్యేకించారు. మొదట మామూలుగా పలకరించి, తరువాత స్టార్ట్‌టీఎల్ఎస్ అని చెప్పి తాళం వేసుకుంటుంది. 465 తలుపు తెరవడమే తాళంతో తెరుస్తుంది; సెట్టింగుల్లో దీన్ని ఎస్ఎస్ఎల్ అంటారు. దాని చరిత్ర తమాషాగా ఉంటుంది. 1997లో ఈ పనికే కేటాయించారు, కొద్దికాలానికే వెనక్కి తీసుకున్నారు, వేరే సేవకు ఇచ్చేశారు. వాడేవాళ్లు మానితేగా! చివరికి 2018 జనవరిలో ప్రమాణాలు రాసేవాళ్లే దిగివచ్చి, ఉత్తరాలు అప్పగించడానికి ఇదే మేలన్నారు. నా ఓటూ దానికే. పలకరింపుకూ తాళానికీ నడుమ ఎవరూ చొరబడే సందు ఉండదు. మైక్రోసాఫ్ట్ 587 చూపిస్తుంది కాబట్టి అక్కడ 587, స్టార్ట్‌టీఎల్ఎస్. జీమెయిల్ రెండూ ఒప్పుకుంటుంది.

పోర్టు కంటే దాని పక్క గడిలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. 465 రాసి స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకుంటే ప్రోగ్రాము సర్వర్ పలకరింపు కోసం కాచుకుంటుంది, సర్వర్ తాళం కోసం కాచుకుంటుంది. ఫోను ఎత్తి ఇద్దరూ అవతలివాళ్లు హలో అంటారని నిలబడినట్టు. పంపుతున్నట్టు గీత అలా కదులుతూనే ఉంటుంది, చివరికి గడువు దాటిపోతుంది. నెట్ నెమ్మదిగా ఉందనుకుని రూటర్‌ను ఆపి మళ్లీ వేసేవాళ్లను చూశాను. 465కు ఎస్ఎస్ఎల్, 587కు స్టార్ట్‌టీఎల్ఎస్, జతలు కలపకూడదు.

జతలు సరిగానే ఉన్నా గడువు దాటుతుంటే, ఫోను హాట్‌స్పాట్‌కు కంప్యూటర్‌ను కలిపి ఒకసారి పంపి చూడండి. పోయిందంటే తప్పు ఇంటి నెట్‌దో రూటర్‌దో. పోలేదంటే కంప్యూటర్‌ది. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కంప్యూటరే అని తేలితే యాంటీవైరస్‌ను మొత్తం ఆపక్కర్లేదు, మెయిల్ తనిఖీ చేసే భాగం ఒక్కటి ఆపండి. సర్టిఫికెట్ (సర్వర్ చూపించే గుర్తింపు పత్రం) బాగోలేదని ఫిర్యాదు వస్తే కంప్యూటర్ గడియారం కూడా చూడండి. లోపలి బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి వెళ్లిపోయిన పాత కంప్యూటర్లకు ఏ సర్టిఫికెటూ నచ్చదు.

యాప్ పాస్‌వర్డా, ఓ-ఆత్ 2నా

నిన్నటిదాకా పనిచేసి ఇవాళ 535 అంటున్నదంటే ముందు ఇక్కడే చూడాలి. మామూలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రాములు లోపలికి రావడాన్ని గూగుల్ వ్యక్తిగత అకౌంట్లకు 2022 మే 30 నుంచి ఆపింది. మైక్రోసాఫ్ట్ తన ఔట్‌లుక్ వ్యక్తిగత అకౌంట్లకు 2024 సెప్టెంబర్ 16న ఆపింది. అందుకే సరైన పాస్‌వర్డే కొడుతున్నా తప్పంటుంది. కీబోర్డు మీద కోపం తెచ్చుకోకండి.

యాప్ పాస్‌వర్డ్ అంటే ఆ ప్రోగ్రాముకే ఇచ్చే ప్రత్యేకమైన తాళంచెవి. గూగుల్ దగ్గర 16 అక్షరాలు, నాలుగేసి చొప్పున చూపిస్తుంది. రెండంచెల తనిఖీ పెట్టుకుంటేనే ఇస్తుంది. పాత ప్రోగ్రాముల్లోనూ, మెయిల్ పంపే స్కానర్లలోనూ పనిచేయడం దీని మేలు. కానీ అది చేతికి చిక్కితే ఎవరైనా మీ మెయిల్ తెరవగలరు, రెండో అంచె అడ్డురాదు. అసలు పాస్‌వర్డ్ మార్చిన రోజు ఇది రద్దవుతుంది. అది మరిచిపోయి మళ్లీ 535తో తల పట్టుకుంటాం.

ఓ-ఆత్ 2లో ప్రోగ్రాముకు పాస్‌వర్డే తెలియదు. ఒక కిటికీ తెరుచుకుంటుంది, అక్కడ మెయిల్ సంస్థకే నేరుగా చెబుతాం, అది ప్రోగ్రాముకు ఒక అనుమతి చీటీ ఇస్తుంది. వద్దనుకున్నప్పుడు ఆ చీటీ ఒక్కటి రద్దు చేయవచ్చు. లోపం లేకపోలేదు. థండర్‌బర్డ్‌లో కుకీలు ఆపి ఉంచితే ఆ కిటికీ ముందుకు సాగదు. మరీ పాత వెర్షన్లలో ఈ పద్ధతే లేదు.

దొరికితే ఓ-ఆత్ 2, లేకుంటే యాప్ పాస్‌వర్డ్. ఔట్‌లుక్ వ్యక్తిగత అకౌంట్లకు ఎంచుకునే ప్రశ్నే లేదు, ఓ-ఆత్ 2నే. ఒక్క సంగతి: వచ్చే దారికి ఓ-ఆత్ పెట్టి, పోయే దారిని మామూలు పాస్‌వర్డ్ మీదే వదిలేస్తే మళ్లీ ఇదే రోగం, వస్తాయి, పోవు. దాచిన పాస్‌వర్డ్‌ల జాబితాలోనూ రెంటికీ విడివిడి వరుసలుంటాయి.

మావయ్య ఎస్ఎంటీపీని మెయిల్ ఇచ్చిన సంస్థ సర్వర్‌కు మార్చి, 465, ఎస్ఎస్ఎల్, ఓ-ఆత్ 2 పెట్టించాను. కిటికీ తెరుచుకుంది. డైరీ చివరి పేజీ తిప్పిన చప్పుడు ఫోనులో వినిపించింది. పాస్‌వర్డ్ అక్కడ రాసుకున్నారు. ఏమీ అనలేదు నేను.

ప్రెస్సుకు ఉత్తరం పోయింది. కానీ దాని నకలును పంపినవాటి ఫోల్డర్‌లో పెట్టలేకపోయానని ఇంకో పెట్టె వచ్చిందన్నారు. అది పంపడంలో లోపం కాదు. ఉత్తరం ఎస్ఎంటీపీ దారిలో వెళ్లిపోయాక, థండర్‌బర్డ్ నకలును ఐమ్యాప్ దారిలో సర్వర్‌కు చేరుస్తుంది. పీడీఎఫ్ బరువుకు అది మధ్యలో ఆగింది. జీమెయిల్ లాంటివి తమ సర్వర్ నుంచి పోయిన ఉత్తరానికి తామే నకలు ఉంచుకుంటాయి కాబట్టి అక్కడ ప్రోగ్రామును నకలు పెట్టవద్దని చెప్పడం మేలు. అలా ఉంచుకోని చోట, పెద్ద ఫైళ్లు పంపేవాళ్లు నకలును కంప్యూటర్‌లోని లోకల్ ఫోల్డర్‌లో దాచుకోవచ్చు. ఇదంతా మావయ్యకు చెప్పేలోపే ఆయన, పోలేదేమోనని, పంపే బటన్ మళ్లీ మళ్లీ నొక్కేశారు.

పొద్దున్నే ప్రెస్సు నుంచి ఆయనకు ఫోను. "సార్, సంచిక అయిదుసార్లు వచ్చింది. అయిదూ ఒకటేనా, ఏమైనా మార్చారా?"